బస్తర్ నుంచి ఓడెక్కితే ఎంతవుతుంది?

సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల దూరాన, కొండల నడుమ ఉన్న జగదల్‌పూర్‌లో ఓడ టికెట్ల బేరం ఏమిటని ఎవరైనా అడగొచ్చు. కానీ బైలాడిలా ఇనుప ఖనిజం దాదాపు అరవై ఏళ్ళుగా ఈ కొండలు దిగి విశాఖ రేవులో ఓడెక్కుతూనే ఉంది. 446 కిలోమీటర్ల కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసిందే జపాను ఉక్కు మిల్లులకు ఖనిజం పంపడానికి. ఆ పట్టాల పొడుగునా కిరండూల్, బచేలీ, జగదల్‌పూర్‌లలో గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ఉద్యోగాలకో వ్యాపారాలకో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. పెళ్ళిబట్టలకీ పెద్దాసుపత్రికీ పిల్లల చదువులకీ వాళ్ళు దిగే ఊరు విశాఖే. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఓడ అక్కడి రేవుకొచ్చి నిలబడింది. అప్పటినుంచి సెలవులకు ఎక్కడికెళ్దామన్న మాటల్లో అరకు, తిరుపతి, పూరీల పక్కన ఓడ కూడా చేరింది.

ఏ ఓడ చవక, ఏది ఖరీదుకు తగ్గది అని పోల్చేవాళ్ళు మామూలుగా రేటు కార్డులు పక్కపక్కన పెట్టుకుంటారు. ముంబైలోనో చెన్నైలోనో ఉండేవాళ్ళకు అది చాలు. బస్తర్ నుంచి బయల్దేరేవాళ్ళకు చాలదు. ఇక్కడివాళ్ళ జేబును ఓడ రేటు కంటే రెండు వేరే విషయాలు ఎక్కువ కొడతాయి: ఏ నెలలో వెళ్తున్నారు, ఏ రేవులో దిగుతున్నారు. నీటి మీద సెలవు గడపడానికి ఇక్కడివాళ్ళకు అందుబాటులో ఉన్న దారులన్నిటినీ ఆ కళ్ళతోనే చూడాలి.

ముందు పెద్ద ఓడ సంగతి. ప్రకటనలో కనిపించే రేటు దాదాపు ఎప్పుడూ మనిషికింత అనే ఉంటుంది, అదీ ఒక గదిలో ఇద్దరుంటేనే. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు ఇంచుమించు రెండు టికెట్ల డబ్బు పడుతుంది. అదే గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ బాగా తగ్గుతుంది కాబట్టి ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఓడ లెక్క కలిసొస్తుంది. కిటికీ లేని లోపలి గది అన్నిటికంటే చవక. ఆ తర్వాత సముద్రం కనిపించే గది, ఆపైన బాల్కనీ గది, చివర సూట్. రేటు మీద రేవు రుసుములు, పన్నులు విడిగా పడతాయి. గది, మూడు పూటలా భోజనం, సాయంత్రం ఆటపాటలు, ఈతకొలను టికెట్లోనే వస్తాయి. మద్యం, ప్రత్యేక రెస్టారెంట్లు, మసాజులు, ఇంటర్నెట్, రేవులో దిగి ఊరు చూసే బస్సు, కాసినో మాత్రం ఎవరి ఖర్చు వాళ్ళది.

కంపెనీలకు అసలు లాభం ఎక్కడుందో వాళ్ళ ఖాతాలే చెబుతాయి. ప్రపంచంలోని పెద్ద క్రూయిజ్ సంస్థల్లో ఒకటైన రాయల్ కరీబియన్ 2023లో సంపాదించిన దాదాపు 1,390 కోట్ల డాలర్లలో టికెట్ల మీద వచ్చింది సుమారు 957 కోట్లు. మిగిలిన 430 కోట్ల పైచిలుకు జనం ఓడెక్కాక చేసిన ఖర్చే. అంటే నూటికి ముప్పై ఒక్క డాలర్లు కొసరు మీదే. టికెట్టు రేటు తగ్గించి పిలవడం వాళ్ళకు బరువు కాదు, ఎక్కినవాడు ఎక్కడికీ పోలేడు కదా. ఈ సూత్రం తెలిస్తే ఓ మాట స్పష్టమవుతుంది. మద్యం ముట్టని, కాసినో వైపు తొంగిచూడని, ఓడ పెట్టిన భోజనమే తిని డెక్కు మీద కూర్చుని గాలి పీల్చుకునే కుటుంబానికి ఓడను మించిన బేరం లేదు. తాగేవాళ్ళూ ఆడేవాళ్ళూ కట్టిన డబ్బుతో వీళ్ళ గది చవకవుతుంది! మన పల్లెటూరి పొదుపు ఇంత పనికొచ్చే చోటు మరొకటి లేదేమో.

ఇక ఎంప్రెస్ గురించి. ఇది 1990లో నీళ్ళలోకి దిగిన ఓడ, అప్పట్లో రాయల్ కరీబియన్‌దే. దాదాపు 48,500 టన్నుల పరిమాణం, పదకొండు డెక్కులు. కార్డీలియా 2021 సెప్టెంబరులో ముంబై నుంచి దీన్ని నడపడం మొదలుపెట్టింది. 2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ దాదాపు రెండు లక్షల నలభై ఎనిమిది వేల టన్నులు, అంటే దీనికి ఐదింతలు. ఇంటర్నెట్‌లో ఆ కొత్త ఓడల వీడియోలు చూసి ఎంప్రెస్ ఎక్కినవాళ్ళు గది ఇరుకనీ, కార్పెట్ పాతదనీ గొణుగుతారు. అది న్యాయమైన ఫిర్యాదే కానీ సరైన పోలిక కాదు. మన తిండి, జైనుల తిండితో సహా, మన భాషల పాటలు, వీసా అక్కర్లేకుండా మన రేవులోనే ఎక్కే వీలు ఉన్న ఓడ ఇదొక్కటే చాలాకాలం. పోటీ లేని చోట రేటు ఎందుకు దిగుతుంది?

అంతకుముందు ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 2019 ఏప్రిల్‌లో ముంబై నుంచి జలేష్ క్రూయిజెస్ ‘కర్ణిక’ అనే ఓడను ఆర్భాటంగా మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చింది, 2020లో కంపెనీ మూతపడింది, ఓడను అలంగ్‌లో ముక్కలు చేశారు. ఆరు నెలల ముందు కట్టేస్తే సగం ధర అనే ప్రకటనలు చూసినప్పుడల్లా కర్ణికను తలుచుకోవాలి. కంపెనీ మునిగితే ముందుగా డబ్బు కట్టిన ప్రయాణికుడు అప్పులవాళ్ళ వరసలో చివరెక్కడో నిలబడతాడు. ఆ సగం ధరలో ఈ అపాయానికి కట్టిన వెల కూడా ఉంది.

విశాఖ విషయానికొస్తే రేవు మాత్రం బాగా తయారైంది. దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికులను సంబాళించగల భవనం. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే ఓడ వచ్చింది. దాని గదులు కోటీశ్వరుల సొంత ఫ్లాట్లు, మనకు టికెట్టు దొరికేది కాదు. కొరత ఓడలకే. ఎంప్రెస్ ఇక్కడికి 2022లో జూన్‌లో వచ్చింది, 2025లోనూ వర్షాకాలపు తొలి వారాల్లోనే వచ్చింది. దానికి కారణం ఆకాశంలో ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ముంబై–గోవా తిప్పడం కష్టం. ఆ నెలలు ఓడను చెన్నైకి తీసుకొచ్చి బంగాళాఖాతంలో, శ్రీలంక వైపు తిప్పుతారు. చలికాలం రాగానే అది మళ్ళీ పడమటి తీరానికి పోతుంది.

బస్తర్‌వాళ్ళకు ఇక్కడే ముడి పడుతుంది. ఓడ వచ్చేది స్కూళ్ళు తెరిచే వేళకు. పైగా అవి కొత్తవలస–కిరండూల్ లైను మీద కొండచరియలు విరిగిపడే నెలలు. అరకు ఘాట్‌లో బండరాళ్ళు పడి ఆ దారి రైళ్ళు ఆగిపోవడం ఏటా వింటున్నదే. ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి ఒకరోజు ముందే విశాఖ చేరి హోటల్లో ఉండక తప్పదు, ఆ రాత్రి ఖర్చు టికెట్టుకు కలపాలి.

తిరుగుదారి ఇంకా పెద్దది. చెన్నై–విశాఖ–పుదుచ్చేరి–చెన్నై అనే చుట్టులో విశాఖలో ఎక్కినవాళ్ళు చివరికి తేలేది చెన్నైలో. ఊహాలెక్క ఒకటి వేద్దాం, ఇది కంపెనీ రేటు కార్డు కాదు. పెద్దవాళ్ళిద్దరికి ఇరవై వేల చొప్పున, పిల్లలిద్దరికి పది వేల చొప్పున అనుకుంటే టికెట్లు అరవై వేలు. రుసుములు, పన్నులు కలిస్తే డెబ్బై దాటుతుంది. జగదల్‌పూర్ నుంచి విశాఖకు రైలు, ఒక రాత్రి హోటలు, చెన్నై నుంచి విశాఖకు మరో రాత్రి రైలు, అక్కడినుంచి మళ్ళీ పది గంటల పైన కిరండూల్ బండి. దారిలో నలుగురి తిండి. తొంభై దాటి లక్ష వైపు తడిసి మోపెడవుతుంది. రెండు మూడు రాత్రుల ఓడ కోసం మొత్తం వారం రోజుల సెలవు పోతుంది. విశాఖ సీతమ్మధారలో ఉండే కుటుంబానికి ఇదే టికెట్టు మీద పడే అదనపు ఖర్చు ఒక ఆటో, ఒక రైలు. రేటు ఒకటే, ఖరీదు వేరు.

దీనికి తోడు దారిలో చూపిస్తామన్న ఊరు చూపించకపోవడమూ ఉంటుంది. 2022 జూన్ ట్రిప్పులో పుదుచ్చేరి ప్రభుత్వం ఓడను ఆగనివ్వలేదు. కాసినోల మీద అక్కడ అభ్యంతరాలు లేచాయి, ఓడ నేరుగా చెన్నై పోయింది. ప్రపంచంలో ఏ క్రూయిజ్ టికెట్టు వెనక చూసినా రేవును మార్చే, మానేసే హక్కు కంపెనీదే అని రాసి ఉంటుంది. ఊళ్ళు చూడ్డానికి ఓడెక్కేవాళ్ళు ఆ వాక్యం చదివి ఎక్కాలి. ఓడలో ఉండటం కోసమే ఎక్కేవాళ్ళకు దాంతో పెద్దగా పోయేదేమీ లేదు.

సముద్రం మీద ఇంకో ఓడ ఉంది. ఎవరూ దాన్ని విహారం కింద లెక్కపెట్టరు. విశాఖ నుంచి అండమాన్‌కు నడిచే ప్రయాణికుల ఓడ. షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడుపుతుంది, టికెట్లు భానోజీరావు, గరుడ పట్టాభిరామయ్య కంపెనీ ఏజెంట్లుగా అమ్మేవాళ్ళు. రెండున్నర రోజుల ప్రయాణం. దిగువ డెక్కుల్లో పెద్ద హాలు నిండా రైలు బెర్తుల్లాంటి బంకులు, పైన కేబిన్లు, ఆపైన డీలక్స్. బంకు టికెట్టు కొద్ది వేలలోనే వస్తుంది, భోజనానికి కూపన్లు వేరే. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి అండమాన్ వెళ్ళి బతుకుతున్న మనవాళ్ళే. ఒకప్పుడు కాకినాడ నుంచీ విశాఖ నుంచీ రంగూన్‌కు డెక్కు టికెట్టు మీద పోయిన వాళ్ళ తరవాతి వరస అనుకోవచ్చు.

గంటకు ఎంత పడిందని చూస్తే దీన్ని కొట్టే ఓడ లేదు. అయితే నెలకు ఒకటి రెండుసార్లకు మించి దొరకదు, తేదీలు చివరిదాకా తేలవు, ద్వీపవాసులకు ముందు కోటా. స్నానాల గదుల సంగతి చెప్పకపోవడమే మంచిది. పసిపిల్లలతో, పెద్దవాళ్ళతో నేను దీన్ని సిఫారసు చేయను. పాతికేళ్ళ వయసులో ఉన్న నలుగురు స్నేహితులు కేబిన్ తీసుకుని పోయి, విమానంలో తిరిగొస్తే మాత్రం ఏ క్రూయిజూ ఇవ్వలేని ప్రయాణం అవుతుంది. సముద్రం ఎంత పెద్దదో, ఎంత విసుగో, రాత్రి ఎంత నల్లగా ఉంటుందో ఆ ఓడలోనే తెలుస్తుంది.

ఇప్పుడు నదికి వద్దాం. బస్తర్‌వాళ్ళకు అసలు దగ్గరున్న జలవిహారం ఇదే. జగదల్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి దర్భా, సుక్మా, దోర్నపాల్, కొంటా మీదుగా ఆంధ్రలోని చింతూరుకు దిగి భద్రాచలం పోతుంది. దారిలో పక్కనే శబరి. అది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడికి దగ్గర్లోని పోచవరం రేవులో పాపికొండల పడవ ఎక్కొచ్చు. ఈ రోడ్డు ఒకప్పుడు కుటుంబాలు తప్పించుకు తిరిగిన రోడ్డు. 2013 మే 25న ఝీరం ఘాటీలో మావోయిస్టుల దాడి జరిగింది దీని మీదే. ఆ తర్వాత ఏళ్ళలో రోడ్డూ మారింది, భయమూ చాలా తగ్గింది. ఇప్పుడు పగటిపూట ప్రయాణాన్ని ఎవరూ సాహసం అనరు.

పడవలు ఉదయమే బయల్దేరతాయి కాబట్టి ముందురోజు సాయంత్రానికే చింతూరులోనో భద్రాచలంలోనో దిగాలి. భద్రాచలమైతే రాములవారి దర్శనమూ అయిపోతుంది. ఎంత చెప్పినా మనవాళ్ళ లెక్కలో అది విలువే. పడవ టికెట్టు మనిషికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల. అందులో పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, ఆరేడు గంటలు నీటి మీద. నదికి రెండువైపులా కొండలు దగ్గరకొచ్చే చోట నీళ్ళు చిక్కటి పచ్చరంగుకు తిరుగుతాయి. పేరంటాలపల్లి దగ్గర దిగి శివాలయం, మునివాటిక చూసి, కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు కొనుక్కుని తిరిగి ఎక్కడం అందరికీ తెలిసిన క్రమమే. మైకు పెట్టి సినిమా పాటలకు డాన్సులు చేయించే యాంకర్ మాత్రం టికెట్టుతో పాటు వచ్చే శిక్ష. దాన్ని ఆపించడానికి ఎంతైనా ఇస్తాననే ప్రయాణికులు ప్రతి పడవలోనూ ఇద్దరైనా ఉంటారు, కానీ అలాంటి టికెట్టు ఇంకా ఎవరూ పెట్టలేదు.

రాజమహేంద్రవరం వైపు నుంచి కూడా పడవలున్నాయి. మునుపు పట్టిసీమ, పురుషోత్తపట్నం దగ్గర ఎక్కేవారు. పోలవరం ప్రాజెక్టు పనులు సాగేకొద్దీ రేవు పైకి జరిగి దేవీపట్నం దగ్గరి గండిపోచమ్మ గుడి వద్దకు మారింది. బస్తర్ నుంచి వచ్చేవాళ్ళకు పోచవరమే దగ్గర, అటువైపు పోవడంలో అర్థం లేదు. పోలవరం నిండే కొద్దీ ఈ నది రూపమే మారుతుంది కాబట్టి పాపికొండలను వాయిదా వేయకూడదన్నది నా మాట. అక్కడ మునిగేది ప్రయాణికుల దృశ్యం ఒక్కటే కాదు, ఊళ్ళు కూడా. పడవలో కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి ఏ యాంకరూ చెప్పడు.

వెయ్యి రూపాయల టికెట్టులో ఏమేం ఉండాలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర తేలింది. గోదావరి ఐదు లక్షల క్యూసెక్కుల పైన పారుతున్న రోజున రాయల్ వశిష్ట పడవ 77 మందితో మునిగింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న పైకి లాగగలిగింది. విహారం రెండేళ్ళు ఆగి, 2021 నవంబరులో కొత్త నిబంధనలతో మొదలైంది. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, వరద వస్తే పడవ కదలకూడదన్నారు. కచ్చులూరు ప్రమాదానికి రెండేళ్ళ ముందే, 2017 నవంబరులో, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అయినా పాఠం కచ్చులూరు దాకా చేరలేదు. చవక పడవలో మొదట తెగేది ఎప్పుడూ కంటికి కనిపించనిదే: లైఫ్ జాకెట్ల నాణ్యత, సరంగు అనుభవం, ఎక్కించే మనుషుల లెక్క. వంద రూపాయలు తగ్గిస్తానన్న ఏజెంటుతో కాక, జాకెట్టు తొడిగించనిదే తాడు విప్పని పడవతో బేరం ఆడాలి. ఎండకు చిరాకుగా ఉందని జాకెట్టు విప్పి పక్కన పెట్టేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ.

పాపికొండల పడవలు వర్షాకాలంలో నడవవు. నవంబరు నుంచి వేసవి మొదలు దాకా మంచి కాలం. అంటే విశాఖకు ఓడ వచ్చే వేళకు నదిలో పడవలు ఉండవు, పడవలు తిరిగే వేళకు ఓడ ఉండదు. ఈ రెండింటి రేట్లు పక్కపక్కన పెట్టుకునేవాళ్ళు దీన్ని మరచిపోతారు. చాలామందికి పిల్లల సెలవులే తీర్పు చెబుతాయి. సంక్రాంతికి పాపికొండలు, దసరాకు రెండూ అనుమానమే. దసరాకు ఊరు వదిలి వెళ్ళడమూ తెలివి కాదనుకోండి, డెబ్బై అయిదు రోజుల బస్తర్ దసరా చూడ్డానికి దేశమంతా ఇక్కడికొస్తుంటే.

గోదావరి మీద పెద్ద పడవల కల కొత్తది కాదని ఇక్కడ పక్కమాటగా చెప్పాలి. నాగపూర్ వైపు పత్తిని నది మీదుగా సముద్రానికి దించాలని 1850లు, 60లలో ఇంజనీరు కాటన్ ఆలోచనతో, మరో ఇంజనీరు హెయిగ్ పర్యవేక్షణలో పనులు చేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ నాటిదే. ఇంద్రావతి కలిసే చోటుకు కొంచెం దిగువన, ఇచ్చంపల్లి రాతిమెట్ల దగ్గర రెండో అడ్డంకి. ఖర్చు పెరిగి, రైలు వచ్చేసి, 1871లో వదిలేశారు. రేటూ విలువా లెక్కవేసి నీటిదారిని వదులుకున్న మొదటివాళ్ళు ఈ ప్రాంతంలో వాళ్ళే!

ఇంట్లోనే ఉన్న నీటి గురించి రెండు మాటలు. జగదల్‌పూర్‌కు నలభై కిలోమీటర్ల లోపు చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి సుమారు తొంభై అడుగుల నుంచి గుర్రపుడెక్క ఆకారంలో దూకుతుంది. జలపాతం కింద చిన్న పడవల్లో తుంపర దాకా తీసుకుపోతారు. వానల్లో నీళ్ళు ఎర్రగా పోటెత్తినప్పుడు ఆపేస్తారు. ఎండాకాలంలో మరో బాధ. ఒడిశా సరిహద్దు దగ్గర జోరా నాలా ద్వారా ఇంద్రావతి నీళ్ళు శబరి వైపు మళ్ళిపోవడంతో జలపాతం సన్నని ధారగా మారిన వేసవులున్నాయి. కాంగేర్ లోయలో ధుడ్‌మారస్ ఊరివాళ్ళు వెదురు తెప్పల మీద నదిలో తిప్పుతారు. 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ జాబితాలోకి తీసుకుంది. తెప్పకు ఇచ్చే డబ్బు ఊరి కుర్రాళ్ళ చేతికే పోతుంది. ఆ రూపాయి ఎక్కడికి పోయిందో కళ్ళారా చూడగలగడం ఏ ఓడలోనూ లేదు.

విదేశీ ఓడల గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ తికమక తక్కువ. జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు విమానం 2020 నుంచి ఉంది, అక్కడినుంచి సింగపూర్. ఎలాగూ సింగపూర్ చూడాలనుకునేవాళ్ళు అక్కడ మూడు రాత్రుల ఓడ కలుపుకుంటే, హోటలు ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి అది మంచి బేరం. ఓడ కోసమే అంతదూరం పోవడం మంచిది కాదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలను డాలస్, హ్యూస్టన్‌ల నుంచి గాల్వెస్టన్ తీసుకుపోయి మెక్సికో తీరం తిప్పుకొచ్చే అలవాటు మనవాళ్ళలో బాగా పెరిగింది. రాత్రికి ఇంత అని చూస్తే అక్కడి హోటళ్ళ కంటే చవక. కానీ మనిషికి రోజుకు పద్దెనిమిది డాలర్ల పైన టిప్పు దానంతటదే బిల్లులో పడుతుంది. నలుగురికి నాలుగు రాత్రులకు దాదాపు మూడు వందల డాలర్లు. అది చూసి గుండె పట్టుకున్న నాన్నలు ఉన్నారు.

నా తీర్పు చెప్పమంటే, బస్తర్‌లో ఉండే నలుగురి కుటుంబానికి పెట్టిన రూపాయికి ఎక్కువ తిరిగొచ్చేది జనవరిలో పోచవరం పడవే. నదీ భద్రాద్రీ కలిసి మూడు రోజుల్లో ముగుస్తుంది, ఓడ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువలో. అయితే ఒక మినహాయింపు ఉంది, అది చిన్నది కాదు. పాపికొండలకు వెళ్ళినా, బంధువులింటికి వెళ్ళినా ఇల్లాలికి బట్టలు సర్దడం, పిల్లలకు తినిపించడం, టీ పెట్టడం తప్పదు. పెద్ద ఓడలో మూడు రోజులు వంటిల్లు లేదు, ఏం వండాలన్న ఆలోచన లేదు, పక్క వేసేది మరొకరు. రేట్ల పట్టికలు వేసే మగవాళ్ళు ఈ వరస ఎప్పుడూ రాయరు. ఇరవై ఏళ్ళు ఒక్కరోజు సెలవు లేకుండా వంట చేసిన మనిషికి ఆ డెబ్బై వేలు ఎక్కువో తక్కువో ఆమెనే అడగాలి.

ఆమె సరేనంటే, విశాఖలో ఎక్కి విశాఖలోనే దిగే ట్రిప్పు వచ్చేదాకా ఆగండి. చెన్నైలో దింపే టికెట్టు మీద ఎంత తగ్గించినా మనకు గిట్టదు. అలాంటి ట్రిప్పు ప్రకటించిన రోజున లోపలి గది చాలు, బాల్కనీ అక్కర్లేదు, ఓడలో గాలి అందరిదీ. కిరండూల్ రాత్రి బండికి పోనూ రానూ టికెట్లు ముందే తీసుకుని, వానాకాలం కాబట్టి ముందొక రోజు ఖాళీ ఉంచుకోండి.